నీటి సరఫరా రంగంలో అప్రెంటిస్ శిక్షణ – ఉపాధి అవకాశాలు

ఇంటింటికీ కుళాయి ద్వారా రక్షిత మంచినీటిని అందించే పథకాలు గత దశాబ్ద కాలంలో దేశవ్యాప్తంగా విస్తరించాయి. జల్ జీవన్ మిషన్‌ను ప్రకటించిన 2019 ఆగస్టు 15 నాటికి దేశంలో 3.23 కోట్ల గ్రామీణ కుటుంబాలకు, అనగా సుమారు 17 శాతం కుటుంబాలకు మాత్రమే కుళాయి కనెక్షన్ ఉండేది. 2025 నాటికి ఈ సంఖ్య 15 కోట్లు దాటింది. తెలంగాణలో 2016 ఆగస్టు 7న గజ్వేల్ సమీపంలోని కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి జలాలను గ్రామాలకు చేర్చింది. పట్టణాలలో 2015లో ప్రారంభమైన అమృత్, 2021 అక్టోబరులో ప్రారంభమైన అమృత్ 2.0 పథకాల కింద నీటి సరఫరా, మురుగునీటి శుద్ధి పనులు చేపట్టడం జరిగింది.

ఈ నిర్మాణాలన్నింటికీ ఒక సామాన్య లక్షణం ఉన్నది. పైపులైను వేసే పని కొన్ని నెలలలో ముగుస్తుంది. దానిని నడిపే పనికి ముగింపు ఉండదు. పంపును వేళకు నడపాలి, నీటిని శుద్ధి చేయాలి, వాల్వులు తిప్పాలి, లీకేజీని గుర్తించి అరికట్టాలి, నమూనాలు పరీక్షించాలి. నిర్మాణానికి వచ్చిన గుత్తేదారు పని పూర్తికాగానే వెళ్లిపోతాడు. నిర్వహణకు మాత్రం అందుబాటులో ఉండే నైపుణ్యం గల మనిషి కావాలి. కాలిన మోటారును విప్పగలిగిన వాడు ఊరిలో లేకపోతే కోట్ల రూపాయల పథకం ఉండి కూడా ఆ ఊరి మహిళలు తిరిగి బిందెలతో చేతిపంపు వద్ద నిలబడవలసి వస్తుంది. అందువల్ల నీటి రంగంలో శాశ్వత స్వభావం గల ఉపాధి నిర్మాణంలో కంటే నిర్వహణలోనే అధికంగా ఉన్నది. ఆ పనిని తరగతి గదిలో పూర్తిగా నేర్పడం సాధ్యం కాదు. అనుభవజ్ఞుని పక్కన నిలిచి నేర్చుకొనే అప్రెంటిస్ విధానమే దీనికి తగిన మార్గం.

పూర్వరంగం

తెలుగు ప్రాంతాలలో నీటి నిర్వహణ అనాదిగా పని నేర్చిన వారి చేతిలోనే ఉన్నది. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువుల కింద తూము తెరవడం, ఏ మడికి ఎంతసేపు నీరు విడవాలో చూడడం, కట్ట మీద గండి సూచనలు కనిపెట్టడం ‘నీరటి’ విధులు. ఈ పని తండ్రి నుండి కొడుకుకు సంక్రమించేది. 1847–1852 మధ్య ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ నేతృత్వంలో గోదావరి ఆనకట్ట నిర్మాణం జరిగిన అనంతరం కాలువల లాకులు, గేట్ల నిర్వహణకు లస్కర్ల వ్యవస్థ ఏర్పడింది. అక్కడ కూడా పాతవారి వెంట తిరిగి కొత్తవారు పని నేర్చుకొనేవారు.

నగర నీటి సరఫరా చరిత్ర కూడా ఇటువంటిదే. 1908 మూసీ వరదల అనంతరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సిఫార్సుల ఫలితంగా హైదరాబాద్‌కు ఎగువన ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. నగరం పెరిగే కొలదీ దూర ప్రాంతాల నుండి నీరు తేవలసి వచ్చింది. కృష్ణా జలాలు 2004లోను, గోదావరి జలాలు 2015లోను నగరానికి చేరాయి. గోదావరి నీరు ఎల్లంపల్లి నుండి సుమారు 186 కిలోమీటర్ల దూరం ప్రయాణించి వస్తుంది. దగ్గరి జలాశయం నుండి వాలు మీద పారి వచ్చే నీటికి, వంద కిలోమీటర్లకు పైగా దశల వారీగా ఎత్తిపోసే నీటికి అవసరమైన సిబ్బంది ఒకే విధంగా ఉండరు. రెండవ దానికి పంపులు, విద్యుత్తు, పీడనం, కంప్యూటర్ ఆధారిత పర్యవేక్షణ తెలిసినవారు కావాలి. ఈ మార్పు ఫలితంగా కులవృత్తిగా, వారసత్వంగా సాగిన పని చట్టబద్ధమైన శిక్షణ అవసరమైన వృత్తిగా రూపొందింది.

ఉపాధి కల్పించే సంస్థలు

రాజ్యాంగం 73వ సవరణ ద్వారా చేర్చిన పదకొండవ షెడ్యూలు తాగునీటిని పంచాయతీల విషయాలలోను, 74వ సవరణ ద్వారా చేర్చిన పన్నెండవ షెడ్యూలు గృహ, పారిశ్రామిక, వాణిజ్య అవసరాల నీటి సరఫరాను పురపాలక సంఘాల విషయాలలోను చేర్చాయి. ఆచరణలో ఉపాధి కింది సంస్థల ద్వారా లభిస్తుంది.

గ్రామీణ నీటి సరఫరా విభాగాలు: రెండు తెలుగు రాష్ట్రాలలో బహుళ గ్రామ పథకాలు, శుద్ధి కేంద్రాలు, నీటి పరీక్ష ప్రయోగశాలలు వీటి ఆధీనంలో ఉంటాయి. గ్రామంలోని అంతర్గత పైపులైన్ల నిర్వహణ పంచాయతీలు చూస్తాయి.

పట్టణ సంస్థలు: పురపాలక సంఘాలు, నగరపాలక సంస్థలు, వాటికి సాంకేతిక సహాయం అందించే ప్రజారోగ్య ఇంజినీరింగ్ విభాగాలు. హైదరాబాద్‌లో 1989 నవంబరు 1న ప్రత్యేక చట్టం కింద ఏర్పడిన జలమండలి నీటి సరఫరాతో పాటు మురుగునీటి పారుదలను కూడా నిర్వహిస్తున్నది.

సాగునీటి విభాగాలు: జలాశయాలు, కాలువలు, ఎత్తిపోతల కేంద్రాలు వీటి పరిధిలో ఉంటాయి. సమైక్య ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు ఆయకట్టు నిర్వహణలో పాత్ర కల్పించింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వాలంతరి ఈ రంగంలో ఇంజినీర్లకు, రైతులకు శిక్షణ ఇచ్చే సంస్థ.

కేంద్ర సంస్థలు: కేంద్ర భూగర్భ జల మండలి, కేంద్ర జల సంఘం, కాకినాడలో ప్రాంతీయ కేంద్రం గల జాతీయ జలవిజ్ఞాన సంస్థ, నాగపూర్ కేంద్రంగా పనిచేసే జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) ముఖ్యమైనవి.

ప్రైవేటు రంగం: పథకాల నిర్మాణ, నిర్వహణ గుత్తేదారు సంస్థలు, పంపులు, పైపులు, మీటర్ల తయారీదారులు, పరిశ్రమలలోని వ్యర్థజల శుద్ధి విభాగాలు దీని కిందకు వస్తాయి. జీడిమెట్ల, పటాన్‌చెరు, విశాఖపట్నం సమీపంలోని పరవాడ వంటి పారిశ్రామిక ప్రాంతాలలో వ్యర్థజల శుద్ధి ప్రధానమైన ఉపాధి మార్గం. అనేక ప్రభుత్వ పథకాలలో నిర్వహణ బాధ్యతను నిర్ణీత సంవత్సరాల పాటు గుత్తేదారుకే అప్పగిస్తున్నందున ప్రభుత్వ శుద్ధి కేంద్రంలో పనిచేసే ఆపరేటర్ చట్టరీత్యా ప్రైవేటు ఉద్యోగి అయి ఉండవచ్చు. ఉపాధి వార్తలు ప్రచురించే సమయంలో ఈ తేడాను స్పష్టం చేయడం అవసరం.

నేర్చుకోవలసిన పనులు

పంపింగ్: ముడినీటి పంపు వద్ద ఆపరేటర్ స్టార్టర్, వోల్టేజి, ఆంపియర్ల రీడింగులను గమనించి లాగ్‌బుక్‌లో నమోదు చేయాలి. గ్లాండు ప్యాకింగ్, బేరింగులు, ఫుట్‌వాల్వు, నాన్ రిటర్న్ వాల్వుల తీరు తెలిసి ఉండాలి. పంపు ఒక్కసారిగా ఆగినప్పుడు పైపులో వెనుదిరిగిన నీటి తాకిడి వల్ల పైపులు పగిలే ప్రమాదం ఉన్నది. వాల్వును ఎంత నిదానంగా మూయాలన్న విషయం పుస్తకం చెప్పినా, చేతికి అలవాటు కావడానికి కొన్ని నెలలు పడుతుంది.

శుద్ధి: నదీజలాలలోని మట్టిని తేర్చడానికి పటిక వాడతారు. వానాకాలంలో నీటి బురద గంటగంటకూ మారుతుంది. ఏ మోతాదు సరిపోతుందో తెలుసుకోవడానికి వరుసగా బీకర్లలో వేర్వేరు మోతాదులు కలిపి చూసే ‘జార్ పరీక్ష’ చేయాలి. తేరిన నీరు ఇసుక వడపోత గుండా వెళుతుంది; వడపోత పూడుకొన్నప్పుడు నీటిని ఎదురు దిశలో పంపి ఇసుకను కడగాలి. చివరగా క్లోరిన్ కలుపుతారు. పటిక మోతాదు తప్పితే ఆ రోజు ఊరంతటికీ మురికి నీరు వెళుతుంది. వడపోత సరిగా జరగని నీటిలో క్లోరిన్ కూడా పూర్తిగా పనిచేయదు.

పంపిణీ: వాల్వులు తిప్పే లైన్‌మన్‌కు తన పరిధిలోని వీధులు, పైపుల వయస్సు, పల్లపు ప్రాంతాలు, చివరి ఇళ్లు తెలిసి ఉండాలి. పాత నగరాలలో పైపుల సమాచారం పటాలలో కంటే విరమణకు దగ్గర పడిన లైన్‌మన్ల జ్ఞాపకంలోనే ఎక్కువగా ఉంటుంది. వారు ఉద్యోగ విరమణ చేసేలోగా ఆ సమాచారాన్ని కొత్తవారికి అందజేయడం అప్రెంటిస్ శిక్షణ వల్ల కలిగే ప్రయోజనాలలో ముఖ్యమైనది. ఇప్పుడు దీనికి తోడు ఫ్లో మీటర్లు, స్కాడా, భౌగోళిక సమాచార వ్యవస్థ ఆధారిత పటాలపై అవగాహన కూడా కోరుతున్నారు.

ప్రయోగశాల: భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. నైట్రేట్ పరిమితి 45 మిల్లీగ్రాములు. ఏ 100 మిల్లీలీటర్ల నమూనాలోనూ ఇ-కోలి ఉండకూడదు. క్లోరిన్ కలిపిన నీటిలో వినియోగదారుని వద్ద కనీసం 0.2 మిల్లీగ్రాముల అవశేష క్లోరిన్ ఉండాలి. ఈ అంకెలను కొలిచే బాధ్యత రసాయన, సూక్ష్మజీవ శాస్త్రాలు చదివిన సిబ్బందిది. నల్గొండ, ప్రకాశం జిల్లాలలోని ఫ్లోరోసిస్ పీడిత గ్రామాల అనుభవం ఈ పని విలువను తెలుపుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్లతో ఫ్లోరైడ్‌ను తగ్గించేందుకు నీరి సంస్థ రూపొందించిన విధానానికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. ఆ విధానం కూడా నీటి స్వభావాన్ని బట్టి మోతాదు నిర్ణయించగల వ్యక్తి లేనిచోట ఫలించదు.

మురుగునీటి శుద్ధి: హైదరాబాద్‌లోని అంబర్‌పేట కేంద్రం సామర్థ్యం రోజుకు 339 మిలియన్ లీటర్లు. నగరంలో మరో 31 శుద్ధి కేంద్రాల నిర్మాణానికి 2021లో 3,866 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. ఈ కేంద్రాలలో శుద్ధి చేసేది సూక్ష్మజీవులే. వాటికి గాలి, ఆహారం తగు పాళ్లలో అందేలా చూడడం ఆపరేటర్ పని. యంత్ర పరిజ్ఞానంతో పాటు జీవశాస్త్ర పరిజ్ఞానం కూడా కావలసిన ఉద్యోగమిది.

అప్రెంటిస్ చట్టం – ముఖ్యాంశాలు

అప్రెంటిస్‌షిప్‌కు ఆధారం 1961 నాటి అప్రెంటిసుల చట్టం. తొలుత ఐటీఐ ట్రేడ్లకు పరిమితమైన ఈ చట్టాన్ని 1973లో పట్టభద్ర, డిప్లొమా ఇంజినీర్లకు, 1986లో ఒకేషనల్ ఇంటర్మీడియట్ పూర్తి చేసినవారికి వర్తింపజేశారు. 2014లో చట్టాన్ని, 2019లో నిబంధనలను గణనీయంగా సవరించారు. వాటి ప్రకారం:

30 లేక అంతకు మించి సిబ్బంది గల సంస్థలు తమ మొత్తం సిబ్బందిలో 2.5 నుండి 15 శాతం మేరకు అప్రెంటిసులను విధిగా తీసుకోవాలి. ఈ లెక్కలో కాంట్రాక్టు సిబ్బందిని కూడా కలపాలి. 4 నుండి 29 మంది సిబ్బంది గల సంస్థలకు ఇది ఐచ్ఛికం.

నిర్దేశిత సంఖ్యలో తీసుకోని యజమానికి, తక్కువైన ప్రతి అప్రెంటిస్‌కు నెలకు 500 రూపాయల చొప్పున మొదటి మూడు నెలలు, ఆ తరువాత నెలకు 1,000 రూపాయల చొప్పున జరిమానా విధించవచ్చు.

కనీస వయస్సు 14 సంవత్సరాలు. ప్రమాదకర పరిశ్రమలకు సంబంధించిన ట్రేడ్లలో 18 సంవత్సరాలు. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, ఇతర వెనుకబడిన తరగతుల వారికి శిక్షణ స్థానాలలో రిజర్వేషన్ ఉన్నది.

యజమానికి, అభ్యర్థికి మధ్య వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. దానిని పోర్టల్‌లో నమోదు చేయించాలి. అభ్యర్థి మైనరు అయితే సంరక్షకుడు సంతకం చేయాలి.

అప్రెంటిస్‌కు చేసిన పని పరిమాణాన్ని బట్టి కూలి కట్టరాదు. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేనిదే అదనపు గంటలు పని చేయించరాదు. శిక్షణ కాలంలో పనివల్ల గాయపడితే నష్టపరిహారం చెల్లించే బాధ్యత యజమానిదే.

నీటి రంగానికి సంబంధించిన ట్రేడ్లలో ప్లంబర్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, వెల్డర్, పంప్ ఆపరేటర్ కమ్ మెకానిక్, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, సర్వేయర్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, రసాయన కర్మాగార ప్రయోగశాల సహాయకుడు మొదలైనవి ఉన్నాయి. శిక్షణానంతరం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులైన ట్రేడ్ అప్రెంటిసులకు జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ లభిస్తుంది.

స్టైపెండ్

2019 సెప్టెంబరు సవరణ ద్వారా నెలకు కనీస స్టైపెండ్‌ను అయిదు నుండి తొమ్మిదో తరగతి వరకు చదివిన వారికి 5,000 రూపాయలు, పదో తరగతి వారికి 6,000 రూపాయలు, ఇంటర్మీడియట్ లేదా ఐటీఐ వారికి 7,000 రూపాయలు, డిప్లొమా వారికి 8,000 రూపాయలు, పట్టభద్రులకు 9,000 రూపాయలుగా నిర్ణయించారు. శిక్షణ రెండవ సంవత్సరంలో 10 శాతం, మూడవ సంవత్సరంలో 15 శాతం పెంపు ఉంటుంది. ఈ మొత్తాలను 6,800 నుండి 12,300 రూపాయల స్థాయికి పెంచవలసిందిగా కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మే నెలలో సిఫార్సు చేసింది. కావున ప్రకటనలు వెలువరించే అధికారులు ఒప్పందం తేదీ నాటికి అమలులో గల రేటును నిర్ధారించుకోవాలి.

యజమానులను ప్రోత్సహించే నిమిత్తం 2016 ఆగస్టులో జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం ప్రారంభమైంది. దీని కింద స్టైపెండ్‌లో 25 శాతాన్ని, నెలకు గరిష్ఠంగా 1,500 రూపాయల వరకు, కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. ఈ వాటాను నేరుగా అభ్యర్థి బ్యాంకు ఖాతాకు జమ చేసే విధానాన్ని 2023 ఆగస్టులో ప్రవేశపెట్టారు. పట్టభద్రులు, డిప్లొమా అభ్యర్థుల కోసం కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ వేరుగా జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకాన్ని నిర్వహిస్తున్నది. దక్షిణాది రాష్ట్రాలకు సంబంధించిన శిక్షణ బోర్డు చెన్నైలో ఉన్నది.

ఏ చదువుకు ఏ మార్గం

పాఠశాల విద్యతో: కొన్ని ఐటీఐ ట్రేడ్లలో ఎనిమిదో తరగతి, అధిక శాతం ట్రేడ్లలో పదో తరగతి ఉత్తీర్ణత అర్హత. ఐటీఐలో చేరకుండా నేరుగా అప్రెంటిస్‌గా చేరే అవకాశం కూడా ఉన్నది. హైదరాబాద్ కేంద్రంగా 1998లో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ (న్యాక్) ప్లంబింగ్ సహా నిర్మాణ వృత్తులలో స్వల్పకాలిక శిక్షణ ఇచ్చే సంస్థ. గ్రామస్థాయిలో ప్లంబింగ్, పంపు నిర్వహణ, చిన్న మరమ్మతులు ఒకే వ్యక్తి చేయగలిగేలా తీర్చిదిద్దేందుకు జల్ జీవన్ మిషన్‌లో భాగంగా ‘నల్ జల్ మిత్ర’ కార్యక్రమాన్ని రూపొందించారు.

డిప్లొమాతో: పాలిసెట్ ద్వారా పాలిటెక్నిక్‌లో చేరి సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ డిప్లొమా పొందినవారు ప్రభుత్వ శాఖలలో సహాయ ఇంజినీర్ పోస్టులకు పోటీ పడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఏర్పాటు సందర్భంగా ఇంజినీరింగ్ అసిస్టెంట్లు, వార్డు అమెనిటీస్ కార్యదర్శుల నియామకాలు జరిగాయి.

పట్టభద్రులకు: సహాయ కార్యనిర్వాహక ఇంజినీర్ల నియామకాలు రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ల ద్వారా జరుగుతాయి. జలవనరులు, పర్యావరణ ఇంజినీరింగ్‌లో ఉన్నత విద్యకు వరంగల్ ఎన్ఐటీ, హైదరాబాద్ ఐఐటీ, హైదరాబాద్ జేఎన్‌టీయూ తదితర సంస్థలలో అవకాశం ఉన్నది. రసాయన, సూక్ష్మజీవ శాస్త్ర పట్టభద్రులు నీటి పరీక్ష ప్రయోగశాలలలో చేరవచ్చు. భూగర్భశాస్త్రం చదివినవారు యూపీఎస్సీ నిర్వహించే కంబైండ్ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా కేంద్ర భూగర్భ జల మండలిలో ప్రవేశించవచ్చు.

మహిళల భాగస్వామ్యం

గ్రామాలలో ఇంటి నీటి బాధ్యత మోసేది మహిళలే అయినా జీతం లభించే నీటి ఉద్యోగాలలో వారి సంఖ్య స్వల్పం. జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాలు ప్రతి గ్రామంలో అయిదుగురు మహిళలకు క్షేత్ర పరీక్ష కిట్లతో నీటిని పరీక్షించడంలో శిక్షణ ఇవ్వాలని నిర్దేశించాయి. అమృత్ 2.0లో సైతం స్వయం సహాయక సంఘాల మహిళలకు నీటి నాణ్యత పరీక్ష వంటి పనులు అప్పగించే ఏర్పాటు ఉన్నది. అయితే కిట్‌తో పరీక్షించే శిక్షణ ఉద్యోగార్హత కాదు. ఈ మహిళలలో చదువు, ఆసక్తి గలవారిని గుర్తించి పంప్ ఆపరేటర్, ప్రయోగశాల సహాయకుల ట్రేడ్లలో అప్రెంటిసులుగా చేర్పించినప్పుడే ఆ శిక్షణ జీవనోపాధిగా మారుతుంది. రాత్రి షిఫ్టులున్న శుద్ధి కేంద్రాలలో మరుగుదొడ్డి, విశ్రాంతి గది, రవాణా వంటి ఏర్పాట్లు ఇందుకు కనీస అవసరాలు.

భద్రత

ఈ రంగంలో ప్రాణాపాయం గల పనులు రెండు: క్లోరిన్ వాయువు, మ్యాన్‌హోల్.

క్లోరిన్ గాలి కంటే సుమారు రెండున్నర రెట్లు బరువైనది. లీకైనప్పుడు నేల వెంట పాకి పల్లపు ప్రాంతాలలో నిలుస్తుంది. కనుక సిబ్బంది గాలికి ఎదురుగా, ఎత్తైన చోటికి తప్పుకోవాలి. అమ్మోనియాలో తడిపిన గుడ్డను లీకు దగ్గరకు తెస్తే తెల్లని పొగ వెలువడుతుంది. లీకు స్థానాన్ని ఆ విధంగా గుర్తిస్తారు. లీకవుతున్న సిలిండర్‌పై నీరు చల్లరాదు. అలా చేస్తే లోహం తినివేయబడి రంధ్రం పెద్దదవుతుంది. ఈ సూత్రాలు గోడ మీద రాసి ఉంటే చాలదు. శ్వాస పరికరాన్ని ధరించి, వాల్వు మూసే అభ్యాసం ప్రతి అప్రెంటిస్ చేత పర్యవేక్షకుని సమక్షంలో చేయించాలి.

మురుగు కాలువలలో ఊరే హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగినప్పుడు ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన లేదు కనుక ప్రమాదం లేదని దిగినవారు, వారిని కాపాడబోయినవారు మరణించిన సంఘటనలు ఇందువల్లనే జరుగుతున్నాయి. 2013 నాటి చట్టం మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులలో మనుషులచే ప్రమాదకర రీతిలో శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. ఇటువంటి మరణాలకు 30 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. హైదరాబాద్‌లో ఇరుకు వీధులకు అనువైన చిన్న జెట్టింగ్ యంత్రాలను 2017లో ప్రవేశపెట్టారు. మురుగునీటి విభాగంలో అప్రెంటిస్ నేర్చుకోవలసినది యంత్రాన్ని నడపడం. మ్యాన్‌హోల్‌లోకి దిగడం అతని శిక్షణలో భాగం కాదు.

శిక్షణానంతరం

అప్రెంటిస్‌షిప్ ఉద్యోగం కాదన్న విషయం అభ్యర్థులకు, వారి కుటుంబాలకు మొదటి రోజునే తెలియజేయాలి. చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే, కార్మికుడు కాడు. 22వ సెక్షన్ ప్రకారం శిక్షణ పొందినవారి నియామకంపై యజమాని తన విధానాన్ని తానే రూపొందించుకోవాలి; ఒప్పందంలో ఉద్యోగమిస్తానని అంగీకరించినట్లయితే దానికి కట్టుబడి ఉండాలి. ఇతర అంశాలు సమానంగా ఉన్నప్పుడు నేరుగా వచ్చిన అభ్యర్థి కంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని ఉత్తరప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ కేసులో 1995లో సుప్రీంకోర్టు పేర్కొన్నది. ఈ ప్రాధాన్యం ఉద్యోగానికి హామీ కాదు.

ఈ స్థితిలో రెండు వైపులా దుర్వినియోగానికి ఆస్కారం ఉన్నది. ఖాళీ అయిన ఆపరేటర్ పోస్టులో వరుసగా అప్రెంటిసులను నిలబెట్టి స్టైపెండ్‌తో సరిపెట్టడం ఒకటి. నీటి సంస్థలలో పర్మనెంటు ఉద్యోగం ఇప్పిస్తామని చెప్పి దళారులు డబ్బు వసూలు చేయడం మరొకటి. మొదటి దానివల్ల అనుభవం లేని యువకుడు ఒంటరిగా క్లోరిన్ గదికి బాధ్యుడవుతాడు. ప్రమాదం అతనికే కాక ఆ నీరు తాగే ప్రజలకు కూడా. అప్రెంటిస్ ఎంపికకు ఎవరికీ రుసుము చెల్లించనవసరం లేదని, దరఖాస్తు, ఒప్పందం రెండూ ప్రభుత్వ పోర్టల్ ద్వారానే జరుగుతాయని ప్రకటనలలో స్పష్టంగా పేర్కొనడం రెండవ దానికి నివారణ.

సర్టిఫికెట్ పొందిన ప్లంబర్లు, పైప్ ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లకు గల్ఫ్ దేశాలలోను అవకాశాలున్నాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జిల్లాల నుండి ఈ పనులకు వలస వెళ్లేవారు దశాబ్దాలుగా ఉన్నారు. పదో తరగతి పూర్తి చేయని వారి పాస్‌పోర్టుకు నిర్దిష్ట దేశాలకు వెళ్లేటప్పుడు ఎమిగ్రేషన్ అనుమతి అవసరం. నైపుణ్య ధ్రువపత్రం చేతిలో ఉన్న వ్యక్తి సహాయకునిగా గాక వృత్తి నిపుణునిగా ఒప్పందం కోరగలుగుతాడు. నమోదైన ఏజెంట్ల ద్వారా మాత్రమే వెళ్లాలన్న సూచనకు ఈ అంశాన్ని కూడా జోడించడం ప్రయోజనకరం.

అధికారులు, పాత్రికేయులు పరిశీలించవలసిన అంశాలు

ఒక సంస్థలో అప్రెంటిస్ శిక్షణ సక్రమంగా సాగుతున్నదా అని తెలుసుకోవడానికి కింది ప్రశ్నలు ఉపయోగపడతాయి.

కాంట్రాక్టు సిబ్బందిని కలిపి లెక్కిస్తే సంస్థ తీసుకోవలసిన అప్రెంటిసులు ఎందరు, తీసుకొన్నది ఎందరు? ఒప్పందాలు పోర్టల్‌లో నమోదయ్యాయా? స్టైపెండ్ మరుసటి నెల పదో తేదీలోగా అందుతున్నదా? ప్రతి షిఫ్టులో అప్రెంటిస్ పక్కన అర్హత గల ఆపరేటర్ ఉన్నారా, లేక అప్రెంటిస్ ఒక్కరే ఉన్నారా? క్లోరిన్ లీకు అభ్యాసం చివరిసారి ఎప్పుడు జరిగింది? గత మూడేళ్లలో శిక్షణ ముగించినవారిలో ఎందరు పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు, వారిలో ఎందరు నీటి రంగంలోనే కొనసాగుతున్నారు? నిర్వహణ టెండర్లలో సర్టిఫికెట్ పొందిన ఆపరేటర్లనే నియమించాలన్న షరతు ఉన్నదా?

చివరి ప్రశ్న ప్రత్యేకంగా గమనించదగినది. శిక్షణ ఇచ్చే పథకాలు ఎన్ని ఉన్నా, శిక్షణ లేనివారిని తక్కువ జీతానికి నియమించుకొనే వీలు గుత్తేదారుకు ఉన్నంతకాలం సర్టిఫికెట్‌కు విలువ ఏర్పడదు. టెండరు పత్రంలో ఆ ఒక్క షరతు చేర్చి, బిల్లు చెల్లింపునకు ముందు అమలును తనిఖీ చేయడం జిల్లా స్థాయి అధికారుల పరిధిలోనే సాధ్యమైన చర్య. దానివల్ల ఐటీఐ నుండి వచ్చిన యువతకు ఉపాధి, గ్రామానికి నిరంతరాయంగా శుద్ధమైన నీరు – రెండూ సమకూరుతాయి.